చూడకుండా ఎత్తిన చెయ్యి

ఆ ఆదివారం సాయంత్రం నేను చూడకుండా చెయ్యి ఎత్తాను. కాసేపటికి ఆ తప్పు బయటపడబోతుంటే దాన్ని ఇంకొకాయన మీదికి తోశాను. చెయ్యి ఎత్తడం పొరపాటు. తోయడం తెలిసి చేసిన పని. ఇన్నేళ్ల తర్వాత రాస్తున్నా ఆ రెంటినీ ఒకే మాట కింద కలిపేయడానికి నాకు మనసొప్పడం లేదు.

సింగపూరులో నేను ఉద్యోగంలో చేరింది, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు తప్పుతాయని లోకం భయపడుతున్న రోజుల్లో. ఆ భయమే మాకు బతుకుతెరువు. బుకిట్ పంజాంగ్‌లో ఒక ఫ్లాట్‌లో ఇంకో ముగ్గురితో కలిసి ఉండేవాణ్ణి. వారమంతా ఒక బ్యాంకు కోసం పాత ప్రోగ్రాములు వెతికి, రెండంకెలుగా ఉన్న సంవత్సరాల్ని నాలుగంకెలు చేసేవాళ్లం. ఆదివారం మాత్రం క్రికెట్ మైదానానికి పోయేవాణ్ణి.

నాకు ఆడటం రాదు. చూడటం ఇష్టం. మా కంపెనీ జట్టు ఊళ్లోని లీగ్‌లో అన్నిటికన్నా కింది డివిజన్‌లో ఉండేది. ఆ డివిజన్ ఆటల గురించి పేపర్లో ఒక్క ముక్క కూడా రాదు. కానీ మ్యాచ్‌లు జరిగేది మాత్రం ఇంగ్లీషువాళ్ల కాలం నాటి మైదానంలో. ఊరి నడిబొడ్డున, చుట్టూ అద్దాల మేడలు లేచినా ఆ పచ్చిక అలాగే మిగిలింది. అంచున ఎర్ర పెంకుల కప్పున్న పాత క్లబ్బు భవనం, దానికి చెక్క మెట్లు, లోపల గోడల మీద వరసగా పాత జట్ల ఫొటోలు. ఆ ఫొటోల్లో మీసాల మనుషుల కింద పేర్లు చదివేవాణ్ణి. వాళ్లలో ఒక్కరూ నాకు తెలిసినవాళ్లు కారు. అయినా ప్రతి వారం చదివేవాణ్ణి.

పొద్దున్న పదింటికి వెళ్తే గడ్డి ఇంకా తడిగా ఉండేది. మైదానం చూసుకునే మలయ్ పెద్దాయన పిచ్ మీద కప్పిన కాన్వాస్‌ను లాగి ఒక అంచుకు చుట్టేవాడు. పక్క వీధి కొట్టులో టీ ప్లాస్టిక్ సంచిలో పోసి, స్ట్రా గుచ్చి, మూతికి దారం కట్టి ఇచ్చేవాళ్లు. ఆ సంచిని బెంచీ మేకుకు వేలాడదీసి, కర్రీపఫ్ తింటూ కూర్చునేవాణ్ణి. చూడటానికి వచ్చేది అంతా కలిపి పదిహేనుమంది. టికెట్ లేదు, తోపులాట లేదు. ఒక ముసలి పంజాబీ పెద్దాయన మాత్రం అంత ఖాళీలోనూ తన బెంచీ మీద టిష్యూ పొట్లం పెట్టి, అక్కడివాళ్ల మాటలో 'చోప్' చేసుకుని, అంటే చోటు పట్టుకుని మరీ టీకి వెళ్లేవాడు. తిరిగొచ్చి, పొట్లం ఉన్నచోటే ఉందని తృప్తిపడి కూర్చునేవాడు.

జనం లేకపోవడం వల్ల ప్రతి చప్పుడూ వినపడేది. బౌలర్ పరుగెత్తేటప్పుడు ఆయాసం, కీపర్ చేతులు చరుచుకోవడం, అవుటై వచ్చినవాడి బూట్ల మేకులు చెక్క మెట్ల మీద టకటకలాడటం. మధ్యాహ్నం మూడు దాటాక మబ్బు పట్టేది. అందరం ఆకాశం చూసేవాళ్లం. ఒక్కోసారి వాన పడి పోయేది, ఒక్కోసారి పడకుండానే పోయేది. వారమంతా ఏదో ఒకటి గడువులోగా పూర్తిచేయాల్సిన నాకు, ఆ ఒక్క రోజూ ఏదీ పూర్తి కాకపోయినా ఫరవాలేదనిపించేది.

రెండో ఏడు నుంచి స్కోరు పుస్తకం నా చేతికొచ్చింది. కింది డివిజన్లో రెండు జట్లూ చెరో స్కోరర్‌ని తెచ్చుకోవాలి. కానీ పదకొండు మంది దొరకడమే గగనం కాబట్టి చాలాసార్లు ఒక్కరే ఉండేవాళ్లు. మెట్ల పక్కన చిన్న బల్ల. దాని మీద పుస్తకం, పెన్సిలు, రబ్బరు. ఒక నియమం ఉంది. అంపైర్ ఏ సైగ చేసినా, స్కోరర్ చూసి, చూశానని చెయ్యి ఎత్తాలి. ఆ చెయ్యి లేచేదాకా అంపైర్ తర్వాతి బంతి వేయనివ్వడు. ఆ మర్యాద నాకు ఎంతో నచ్చేది. మైదానం మధ్యలో ఒక మనిషి నా చెయ్యి కోసం ఆగి చూస్తున్నాడు కదా అని లోలోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది.

నా బల్లకు ముప్ఫై అడుగుల దూరంలో, బౌండరీ అంచున స్కోరు బోర్డు. నల్లరంగు వేసిన పెద్ద చెక్క, వరసగా మేకులు, వాటికి తగిలించే తెల్ల అంకెల రేకులు. దాని దగ్గర నిలబడేది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒకాయన. వయసు నలభై పైనే. ఓడలు కట్టే యార్డులో వెల్డింగ్ పని, వుడ్‌ల్యాండ్స్ అవతల డార్మిటరీలో ఉండేవాడు. ఒక ఆదివారం కంచె బయట నిలబడి చూస్తుంటే నేనే లోపలికి పిలిచాను.

"లోనికి రానిస్తారేటి బాబూ? టికెట్టు గట్రా?" అన్నాడు.

"ఏమీ లేదు, రండి."

కూర్చున్నాడు. గంటసేపు ఆట చూశాడు. తర్వాత దూరంగా బౌండరీ దగ్గరున్న ఫీల్డర్‌ని చూపించి, "ఆ బాబు పొద్దుట్నుంచీ అక్కడే ఎండలో నించున్నాడు. బంతి అటేపు ఎల్లదా? ఏటైనా తప్పు సేసినాడా?" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఆయనా నవ్వాడు.

మూడో వారం బోర్డు పెట్టేవాడు రాకపోతే తనే లేచి వెళ్లాడు. అప్పటినుంచి ఆ పని ఆయనదే అయిపోయింది. తుప్పు పట్టిన రేకుల్ని గరుకు కాగితంతో గీకి, పొద్దున్నే అంకెల వరసలో గడ్డి మీద పరిచేవాడు. నేను స్కోరు తెలుగులో కేకేసేవాణ్ణి. "నూటపదిహేడు!" అంటే చాలు, రేకులు మారిపోయేవి. అవతలి జట్టువాళ్లు మమ్మల్ని చూసి వింతపడేవారు. వారంలో ఆరు రోజులు ఓడ పొట్టలో, ముఖానికి ముసుగు వేసుకుని నిప్పు చూసే మనిషి ఆయన. ఒకసారి తినే వేళ నాతో అన్నాడు: "అక్కడ నానెవడో ఎవడికీ తెల్దు బాబూ. నంబరు పిలుస్తారు. ఇక్కడ నాను నంబరు మార్సితేగాని ఎవడికీ ఆటెక్కడుందో తెల్దు." ఆ మాట నేను అప్పుడు నవ్వుతూ విన్నాను.

ఇక ఆ ఆదివారం. సీజన్ ముగింపుకు వచ్చింది, మాకు ఇంకా నాలుగైదు మ్యాచ్‌లే ఉన్నాయి. ఇది గెలిస్తేనే పై డివిజన్‌కు ఆశ, లేకపోతే మిగిలినవన్నీ గెలిచినా పాయింట్లు చాలవు. అవతలివాళ్లు నూటనలభై కొట్టారు. వాళ్లు పదిమందే వచ్చారు, కాబట్టి స్కోరర్ లేడు. నేనొక్కణ్ణే. ఆఖరి ఓవర్‌కు మాకు అయిదు పరుగులు కావాలి. మెట్ల మీద మా జట్టంతా నిలబడి అరుస్తోంది.

మొదటి బంతికి ఒకటి. రెండో బంతిని లాగి కొట్టారు. ఇద్దరూ రెండుసార్లు దాటడం నా కళ్లతో చూశాను. సరిగ్గా అప్పుడే నా నడుముకున్న పేజర్ మోగింది. ఆ వారాంతం బ్యాంకులో పరీక్ష నడుస్తోంది, ఏదైనా ఆగిపోతే నన్నే పిలుస్తారు. తల వంచి పేజర్ చదువుతున్నాను. ఒక బ్యాట్స్‌మన్ మొదటి పరుగులో బ్యాటు గీత దాటించకుండానే వెనక్కి తిరిగాడట. అందుకని అంపైర్ తన భుజాన్ని తనే చేత్తో తట్టి, ఒక పరుగు చెల్లదని సైగ చేసి, నా కోసం ఆగాడు. పక్కనున్న కుర్రాడెవరో, "అన్నా, అంపైర్ నీ దిక్కే చూస్తుండు" అన్నాడు. నేను తల ఎత్తలేదు. చెయ్యి మాత్రం ఎత్తాను.

పుస్తకంలో రెండు రాసి, "నూటముప్ఫై తొమ్మిది!" అని కేకేశాను. నిజానికి నూటముప్ఫై ఎనిమిది. ఆ గోలలో నా కేక బోర్డు దగ్గరున్న ఆయనొక్కడికే వినపడి ఉంటుంది. రేకు మారింది.

మూడో బంతికి పరుగు రాలేదు. నాలుగో బంతికి ఒకటి. అయిదో బంతి దూరంగా వెళ్లింది, ఫీల్డర్ చేతిలోంచి జారింది. రెండో పరుగు హాయిగా తీయొచ్చు. కానీ బోర్డు మీద నూటనలభై ఉండటం చూసుకున్న మావాళ్లు, ఒక్కటి తీసి గెలిచేశామని బ్యాట్లు పైకెత్తి నిలబడిపోయారు. నేను నూటనలభై ఒకటి అని కేకేశాను. మెట్ల మీంచి అందరూ మైదానంలోకి దూకారు.

అంపైర్ చేతులడ్డం పెట్టాడు. ఆయన ఇక్కడే పుట్టి పెరిగిన తమిళాయన, రిటైరైన బడి పంతులు. జేబులో అట్టముక్క మీద తన లెక్క తను రాసుకునే అలవాటు. "ఆట అయిపోలేదు లా! స్కోరు సమానం. ఇంకో బంతి ఉంది. ఒక పరుగు చెల్లదని చెప్పాను కదా, స్కోరర్ చెయ్యెత్తాడు కదా!" అని, మాట చివర 'లా' తగిలించే ఇక్కడివాళ్ల ఇంగ్లీషులో గట్టిగా అంటున్నాడు.

మా కెప్టెన్ నా బల్లవైపు పరుగెత్తుకొస్తున్నాడు. ఆఫీసులో నా పైవాడు, హైదరాబాద్ మనిషి. ఆయన మైదానం దాటి రావడానికి పట్టిన ఆ కొద్ది క్షణాల్లో నాకు అంతా అర్థమైపోయింది. రబ్బరు తీసుకుని చెరిపాను. రెండుని ఒకటి చేశాను. కింద మొత్తాల్లో కూడా ఒక్కొక్కటి తగ్గించాను. అంకెలు ఎప్పటిలాగే నీటుగా పడ్డాయి. అదే నాకు ఇప్పటికీ భయంగా ఉంటుంది.

"బుక్కుల ఎంతుంది?" అన్నాడు రొప్పుతూ.

"నూటనలభై. అంపైర్ చెప్పిందే కరెక్ట్."

"మరి బోర్డు మీద నూటనలభై ఒకటెట్లుంది? ఎవడు పెట్టిండు?"

నేను బోర్డువైపు చూశాను. "ఆయన సరిగ్గా విననట్టున్నాడు" అన్నాను.

మిగిలిన ఆ ఒక్క బంతికి మావాడు గుడ్డిగా ఊపి బౌల్డయ్యాడు. మ్యాచ్ సమానమైంది. పై డివిజన్ పోయింది. కెప్టెన్ నేరుగా బోర్డు దగ్గరికి వెళ్లాడు. నేనూ వెనకాల వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు.

"ఏం పెద్దమనిషీ, నూటనలభైకి, నూటనలభై ఒకటికి తేడా తెల్వదా? రెండు పరుగులు తీసేటోళ్లు నీ బోర్డు చూసి ఆగిపోయిండ్రు! చదువు రానోళ్లను కూసోబెడితే గిట్లనే అయితది."

ఆయన చేతిలో ఒకటి అంకె రేకు ఉంది. నావైపు చూశాడు. నేను ఏదో చెబుతానని చూసిన చూపు. నేను బూటుకు అంటిన గడ్డి దులుపుకున్నాను.

"పొరపాటైపోనాది బాబూ" అన్నాడు ఆయన కెప్టెన్‌తో. "గోలలో ఇనపడనేదు." రేకులన్నీ వరసగా పేర్చి, సంచిలో పెట్టి, మూతి కట్టి, బోర్డు కిందికి తోసి వెళ్లిపోయాడు. ఎప్పుడూ నాతో కలిసి స్టేషన్ దాకా నడిచేవాడు. ఆ రోజు నడవలేదు.

మంగళవారం ఆఫీసులో కెప్టెన్ గదికి వెళ్లి చెప్పాను. సైగ చూడలేదని, పుస్తకం దిద్దానని, బోర్డాయన నేను చెప్పిందే తగిలించాడని. ధైర్యం వచ్చి చెప్పలేదు. రెండు రాత్రులు నిద్ర పట్టక, ఇంకో రాత్రి అలా పడలేక చెప్పాను. ఆయన నన్ను చూసి, "నువ్వా?" అన్నాడు. తర్వాత, "సరే, వదిలెయ్ భై. ఇప్పుడు చెప్పి ఏం ఫాయిదా? మ్యాచ్ తిరిగొస్తదా? ఆయనేమైనా మన టీమా?" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాటకు నాకు హాయిగా అనిపించింది. మధ్యాహ్నం భోజనం బాగా తిన్నాను కూడా. సాయంత్రం బస్సులో కూర్చున్నాక గానీ, నేను చెప్పాల్సిన మనిషికి కాకుండా, చెప్పడానికి అందరికన్నా సులువైన మనిషికి చెప్పానని తట్టలేదు.

ఆయనకు ఆదివారం తప్ప సెలవు లేదు. ఆ వారం ఆదివారం పొద్దున్నే వుడ్‌ల్యాండ్స్ వెళ్లాను. అక్కడి నుంచి ఇంకో బస్సు. డార్మిటరీలో రేకుల షెడ్డు కింద వరసగా కుళాయిలు. ఆయన బనియనుతో కూర్చుని యార్డు బట్టలు ఉతుకుతున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుని లేచాడు.

"ఏటి బాబూ, ఇంత దూరం ఒచ్చినారు? ఈయేల ఆట నేదా?"

"ఉంది. మీతో మాట ఉంది." దగ్గరికి వెళ్లాను. "ఆ రోజు తప్పు మీది కాదు. నాది. నేను తప్పు అంకె కేకేశాను. తర్వాత పుస్తకం దిద్దేశాను."

"నాకు తెల్సు బాబూ."

"తెలుసా?"

"మీరు నూటముప్పైతొమ్మిది అన్నారు. నాను ఇన్నాను. నా సెవులు బాగానే పన్జేస్తాయి."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

ఆయన బకెట్‌లోంచి చొక్కా తీసి పిండాడు. "మీరు సెప్తారనుకున్నాను" అన్నాడు.

పక్క కుళాయి దగ్గరున్న ఆయన సావాసగాడు, "ఈయనేనేటి నీ ఇంజినీరు బాబు?" అని అడిగాడు. ఆయన ఇంకో చొక్కాకు సబ్బు రాశాడు.

క్షమించమని అడిగాను. "నాతో సెప్పితే ఏటొస్తాది బాబూ, నాకు తెల్సిందే కదా. ఆళ్లకి సెప్పండి. చదువు రానోడన్నారు కదా, ఆళ్లందరి ముందు సెప్పండి. నాను పక్కనుంటాను" అన్నాడు. గొంతులో కోపం లేదు. కుళాయి కట్టేసి, ఉతికిన బట్టలు ఆరేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

రైల్లో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఊరు చేరేదాకా ఆయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఎలా మొదలుపెట్టాలా అని నేను మాటలు పేర్చుకుంటూ వచ్చాను. మైదానంలో అడుగుపెట్టాక ఒక్కటీ గుర్తులేదు.

టాస్ వేయబోతున్నారు. ఆ వారం కూడా అదే తమిళ అంపైర్. ఒక్క నిమిషం ఆగమన్నాను. మావాళ్లు పదకొండుమంది, కొత్తగా వచ్చిన జట్టు, మెట్ల మీద పంజాబీ పెద్దాయన. "పోయిన ఆదివారం బోర్డు తప్పు కాదు" అని మొదలుపెట్టాను. సైగ చూడకుండా చెయ్యి ఎత్తానని, పుస్తకం దిద్దానని, తప్పు బోర్డాయన మీద పెట్టానని, ముందు తెలుగులో, తర్వాత అంపైర్ కోసం ఇంగ్లీషులో చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సి రావడం మంచిదే అయింది. మొదటిసారి కొన్ని మాటలు మింగేశాను. రెండోసారి మింగలేదు.

కెప్టెన్ ముఖం గంటు పెట్టుకుని నేల చూశాడు. తర్వాత బోర్డాయన దగ్గరికి వెళ్లి, "అన్నా, నోరు జారిన" అన్నాడు. ఆయన తల ఊపాడు.

అంపైర్ నన్ను పక్కకు తీసుకెళ్లాడు. "పొరపాటు ఎవరికైనా అవుతుంది లా. పుస్తకం దిద్దడం అలా కాదు. లీగ్ కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వు. ఈ సీజన్‌కు పుస్తకం ముట్టుకోకు" అన్నాడు. బడి పిల్లవాడితో మాట్లాడినట్టే మాట్లాడాడు. ఆ రోజే టీ విరామంలో కాగితం మీద జరిగింది రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. నష్టపోయినవాళ్లం మేమే కాబట్టి ఫలితం మారదన్నారు. అవతలి జట్టు కెప్టెన్‌కు ఫోన్ చేసి చెప్పాను. ఆయన పెద్దగా పట్టించుకోలేదు. పుస్తకంలో ఆ పేజీ అడుగున, దిద్దింది నేనేనని పెన్నుతో రాశాను.

బోర్డాయన సంచి విప్పి రేకులు గడ్డి మీద పరవడం మొదలుపెట్టాడు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"బాబూ, ఒక మాట" అన్నాడు తల ఎత్తకుండా. "ఈపాలి నుంచి ఎవులు కేకేసినా నాను తగిలించను. అంపైరు సెయ్యి నానే సూసుకుంటాను. ఏ సెయ్యి ఏటో నాకు సెప్పండి."

నా స్నేహం ఆయనకు మళ్లీ కావాలని కాదు అడిగింది. నా మాట మీద ఇక ఆధారపడదలచుకోలేదు, అందుకు అడిగాడు. అది నాకు అర్థమైంది. బోర్డు పక్కన గడ్డిలో కూర్చున్నాను. రెండు చేతులూ అడ్డంగా చాస్తే వైడ్ అని, పైకెత్తితే ఆరు అని, మోకాలు తడితే కాలికి తగిలి వచ్చిన పరుగు అని, ఒక్కొక్కటీ చెప్పాను. ఆయన ప్రతిదాన్నీ తన చేతులతో ఒకసారి చేసి చూసుకున్నాడు. కొత్త స్కోరర్ ఇంగ్లీషులో అంకె కేకేస్తే, ఆయన అంపైర్‌ని చూసి, తన లెక్క చూసుకుని, అప్పుడు రేకు మార్చేవాడు.

తర్వాత సీజన్‌లోనూ నేను బల్ల దగ్గరికి పోలేదు. ఆదివారాలు ఆ గడ్డిలోనే కూర్చున్నాను. పేజర్‌ను ఇంకో సహోద్యోగికి అప్పగించి, బదులుగా అతని శనివారాలు నేను తీసుకున్నాను. నెల తిరిగేసరికి ఆయనకు నేను చెప్పాల్సిందేమీ మిగల్లేదు. అయినా వెళ్లి పక్కన కూర్చునేవాణ్ణి. అడిగితే చెప్పేవాణ్ణి. అడగని రోజు, ఎండలో కూర్చుని ఆయన ఇచ్చిన రేకుల తుప్పు గీకేవాణ్ణి.